మన సంఘం వార్షిక నివేదిక, 2024–25: కార్యదర్శి సమర్పణ

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. కిందటేడు నేను మూడో పేజీకి వచ్చేసరికి పులిహోర వాసన తగిలి సగం హాలు లేచిపోయింది. అందుకే ఈసారి నివేదిక పూర్తయ్యేవరకు గిన్నెల మూతలు తీయవద్దని భోజనాల బాధ్యులకు ముందే చెప్పి ఉంచాను.

ఏటా జరిగే పనులు ఈ ఏడాదీ జరిగాయి. ఉగాది పచ్చడి, కవి సమ్మేళనం (వినేవారికన్నా చదివేవారే ఎక్కువ), శనివారాల్లో పిల్లలకు తెలుగు తరగతి, సంక్రాంతికి ఊళ్లకు వెళ్లేవారందరికీ కలిపి టికెట్లు, ఒక రక్తదాన శిబిరం. గ్రంథాలయం పుస్తకాలు తిరిగి ఇవ్వనివారి పేర్లు ఇక్కడ చదవమని గ్రంథాలయ బాధ్యులు గట్టిగా అడిగారు. ఈ ఒక్క ఏడాదికి వదిలేస్తున్నాను.

ఇక మనం గర్వంగా చెప్పుకోవలసింది ఫిబ్రవరి రెండో ఆదివారం జరిపిన రసాయనాల లేబుళ్ల శిబిరం. తెలుగు సంఘానికి రసాయనాలతో ఏం పని అని కార్యవర్గంలోనే ఇద్దరు అడిగారు. మన సభ్యుల్లో ఎక్కువ మంది బెంగళూరు పారిశ్రామిక వాడ పీన్యాలోని షెడ్లలో ప్లేటింగు, పెయింటింగు, పౌడర్ కోటింగు పనులు చేసేవారే. వారు రోజూ చేతులు పెట్టేది వీటిలోనే. అసలు ఈ శిబిరం ఎందుకు పెట్టవలసి వచ్చిందో కొత్త సభ్యుల కోసం చెబుతాను.

ఆగస్టులో ఒక రాత్రి షిఫ్టులో, పెయింటింగు షెడ్డులో పనిచేసే మన సభ్యుడొకరు మంచినీళ్లనుకొని థిన్నరు (పెయింటును పలుచన చేసే ద్రవం) ఒక గుక్క తాగారు. అది అచ్చంగా నీళ్ల సీసాయే. పెద్ద డబ్బాలో నుంచి వాడుకకు కొంచెం అందులో వంపి పెట్టారు. చూడడానికి నీళ్లంత తేటగా ఉంది. రోజంతా ఆ వాసనలోనే ఉన్న ముక్కుకు తేడా తెలియలేదు. పక్కవాళ్లు కంగారుపడి ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి కక్కించారు. మంచి మనసుతోనే చేశారు కానీ, సరిగ్గా చేయకూడని పని అదే. థిన్నరులో ఎక్కువగా ఉండే టోలుయిన్ లాంటి పలుచని ద్రవాలు పొట్టలో చేసే హాని కన్నా, వాంతితో పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారి చేసే హాని ఎక్కువ.

ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగింది, “డబ్బా ఏది?” అని. ఎవరో స్కూటరు మీద వెళ్లి తెచ్చారు. ఆ డబ్బాను నేను కూడా చూశాను. లేబులు సగం చిరిగి, మిగిలిన సగం మీద తుప్పు మరక పడింది. ఆ మరక పక్కన ఎర్రటి అంచు ఉన్న చిన్న డైమండు గడిలో నల్లటి మనిషి బొమ్మ, అతని ఛాతీ మీద నక్షత్రం పగిలినట్లు తెల్లటి గుర్తు కనిపించాయి. “గుండె జబ్బు ఉన్నవాళ్లు దీన్ని వాడకూడదని అర్థం కాబోలు అనుకున్నామండీ” అన్నాడు అతనితో పనిచేసే అబ్బాయి. మింగితే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయవచ్చని చెప్పే బొమ్మ కూడా అదే. దాని కింద, చిరిగిపోయిన భాగంలో, వాంతి చేయించవద్దు అన్న వాక్యం ఉండవలసింది. ఆ సభ్యుడు తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకున్నారు. ఇప్పుడు రెండో వరుసలో కూర్చొని ఉన్నారు. పేరు చెప్పవద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు.

శిబిరంలో పాఠం చెప్పినవారు మన సభ్యుడొకరి మామగారు, విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకులు. అనంతపురం నుంచి తన ఖర్చుతో వచ్చారు. శాలువా కూడా వద్దన్నారు. ఆయన చెప్పిన దాంట్లో నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను. రానివారు కనీసం చదువుతారని ఆశ.

పూర్వం ఒకే డబ్బా ఒక దేశంలో విషం, ఇంకో దేశంలో మామూలు సరుకు. ఎవరి గీత వారిది. 1992లో రియోలో జరిగిన సదస్సులో ఈ గీతలన్నీ ఒకటి చేయాలని దేశాలు ఒప్పుకున్నాయి. 2003లో ఐక్యరాజ్యసమితి మొదటి పుస్తకం వేసింది. రసాయనాల వర్గీకరణ, లేబుళ్లు అన్ని దేశాల్లో ఒకేలా ఉండాలన్న పద్ధతి అది. ఇంగ్లీషులో గ్లోబల్లీ హార్మనైజ్డ్ సిస్టమ్, పొట్టిగా జీహెచ్‌ఎస్ అంటారు. రెండేళ్లకోసారి సవరిస్తారు. అందులో మంట, పేలుడు వంటి భౌతిక ప్రమాదాలు 17 తరగతులు, ఆరోగ్య ప్రమాదాలు 10, పర్యావరణానివి 2. బొమ్మలు మొత్తం తొమ్మిదే. మన దేశంలోని ప్రమాదకర రసాయనాల నిబంధనలు 1989 నాటివి, భోపాల్ దుర్ఘటన తర్వాత వచ్చినవి. అయినా దిగుమతి డబ్బాల మీద, పెద్ద కంపెనీల డబ్బాల మీద మనవాళ్లు రోజూ చూసేది ఈ తొమ్మిది బొమ్మలనే.

తరగతి అంటే ప్రమాదం ఏ రకమో, అందులో కేటగిరీ అంటే అది ఎంత తీవ్రమో. కేటగిరీ 1 అంటే అన్నిటికన్నా ఘోరం. “మా అబ్బాయి ఫస్టు ర్యాంకు లాంటిది కాదన్నమాట” అని వెనక నుంచి ఒకరు అంటే హాలంతా నవ్వింది. కానీ ఆ తికమక నిజంగానే చాలామందికి ఉంది. అంకె పెద్దదైతే ప్రమాదం పెద్దదనుకుంటున్నారు.

మంటకు కొలత ఫ్లాష్ పాయింటు. ద్రవం మీద లేచిన ఆవిరి నిప్పురవ్వ తగిలితే గుప్పున అంటుకునే కనీస ఉష్ణోగ్రత అది. 23 డిగ్రీల లోపే అంటుకుంటే కేటగిరీ 2, అలాంటిదే 35 డిగ్రీల లోపు మరిగేదైతే కేటగిరీ 1. 23 నుంచి 60 వరకు కేటగిరీ 3, ఆపైన 93 వరకు 4. టోలుయిన్‌కు ఇది 4 డిగ్రీలు. బెంగళూరు ఎంత చలికాలంలోనైనా 4 డిగ్రీలకు దిగదు కదా, అంటే మూత తీసిన థిన్నరు డబ్బా మన ఊళ్లో ఏడాది పొడవునా అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్లే. పైగా దాని ఆవిరి గాలి కన్నా మూడు రెట్లు బరువు. నేల వెంట పాకుతూ గది అవతల ఉన్న గ్రైండరు దాకా వెళ్తుంది. ఈ మాట విన్నాక ఇద్దరు సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వారి షెడ్డులో గ్రైండరు ఎక్కడుందో నాకు తెలుసు.

విషానికి కొలత వేరు. శరీరం బరువు కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు మింగిస్తే ప్రయోగంలోని జంతువుల్లో సగం చనిపోతాయన్నది లెక్క. 5 లోపు కేటగిరీ 1, 50 లోపు 2, 300 లోపు 3, 2,000 లోపు 4, 5,000 లోపు 5. మొదటి మూడింటికి పుర్రె బొమ్మ, నాలుగోదానికి ఆశ్చర్యార్థకం, అయిదోదానికి బొమ్మే లేదు. ఎలుకల మీద వంట ఉప్పుకు కూడా 3,000 చుట్టుపక్కల వస్తుందట!

ఇక్కడే శిబిరంలోకెల్లా మంచి వాదన జరిగింది. మిథనాల్ అనే ఒక రకం ఆల్కహాల్‌కు ఎలుకల లెక్క 5,000 పైనే వస్తుంది. అంటే పట్టిక ప్రకారం ఏ కేటగిరీలోనూ పడకూడదు. మరి దాని డబ్బా మీద పుర్రె ఎందుకు? మన కోశాధికారి లేచి, అచ్చుతప్పు అయి ఉంటుందన్నారు. ఆయనకు అన్నీ అచ్చుతప్పులే. మాస్టారు నవ్వి, మిథనాల్ కలిసిన కల్తీ సారా చావులు గుర్తు చేశారు. మిథనాల్ ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. ఎలుక శరీరం దాన్ని త్వరగా వదిలించుకుంటుంది, మన శరీరం వదిలించుకోలేదు. ముందు కళ్లు పోతాయి, తర్వాత ప్రాణం. మనుషులకు ఏమైందో తెలిసిన చోట ఎలుకల అంకెను పక్కన పెట్టాలి. అందుకే కేటగిరీ 3, పుర్రె. కోశాధికారి కూర్చున్నారు.

తర్వాత కాగితం ముక్కలతో ఆమ్లం, క్షారం పరీక్ష. పీహెచ్ (ఆమ్లమో క్షారమో, ఎంత బలమైనదో చెప్పే అంకె) 2 లేదా అంతకన్నా తక్కువున్నా, 11.5 లేదా అంతకన్నా ఎక్కువున్నా చర్మాన్ని కాల్చేదిగానే ముందు లెక్క వేసుకోవాలి. “కాస్టిక్ సోడా యాసిడ్ కాదు కదండీ, చేతికి జారుడుగా తగులుతుంది అంతే” అన్నారు జిడ్డు వదిలించే డీగ్రీజింగు తొట్టి దగ్గర పనిచేసే ఒక సభ్యుడు. ఆ జారుడు ఆ సభ్యుని చర్మంలోని కొవ్వు సబ్బుగా మారడమని మాస్టారు చెప్పారు. ఆ సభ్యుడు బొటనవేలితో చూపుడువేలిని నెమ్మదిగా రాసి చూసుకున్నారు. ఆ తర్వాత శిబిరం అయ్యేవరకు చేతులు జేబులో నుంచి తీయలేదు.

క్రోమ్ ప్లేటింగులో వాడే క్రోమియం ట్రయాక్సైడు పేరు చెప్పి, తొమ్మిది బొమ్మల్లో దీనికి ఎన్ని వస్తాయో చెప్పమన్నారు. ఒకటి అన్నారు, రెండు అన్నారు. అయిదు! ఇతర వస్తువులను మండించే గుణం, కాల్చే గుణం, పుర్రె, పగిలిన ఛాతీ (ఇక్కడ దాని అర్థం క్యాన్సరు), చచ్చిన చేప. ఇరవై ఏళ్లుగా ఆ తొట్టి పక్కన నిలబడుతున్న ఒక పెద్దాయన వేళ్ల మీద లెక్కపెట్టి, “నా ముక్కులో రంధ్రం పడిందని డాక్టరు చెప్పింది దీనివల్లేనా?” అని అడిగారు. హాల్లో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ప్లేటింగు పనిలో పాతకాలం నుంచి తెలిసిన జబ్బే అది.

“మా షెడ్డులో మంచి ఫ్యాన్లు ఉన్నాయి, మాకు ఆ కేటగిరీ వర్తించదు” అని ఒక యజమాని సభ్యుడు వాదించారు. గట్టు కట్టామని బావి లోతు తగ్గదు, పడేవారి సంఖ్య తగ్గుతుంది అన్నారు మాస్టారు. వర్గీకరణ చెప్పేది బావి లోతు మాత్రమే. గట్టు కట్టడం యజమాని పని. కట్టారా లేదా అని చూడడం ఇంకొకరి పని, వారి సంగతికి వస్తాను.

విశాఖ నుంచి వచ్చిన ఒక సోదరి 2020 మే 7న అక్కడ జరిగిన గ్యాస్ లీకు గురించి అడిగారు. ఆ తెల్లవారుజామున స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే ద్రవం) ఆవిరి పీల్చి రోడ్డు మీద పడిపోయినవారిలో వారి బంధువులు ఉన్నారు. స్టైరీన్ ఫ్లాష్ పాయింటు 31 డిగ్రీలు, మంట విషయంలో కేటగిరీ 3. అంటే ఈ ఒక్క అంకె చూస్తే మన థిన్నరు కన్నా మెతక. కానీ నిల్వ ఉన్న ట్యాంకులో వేడి పెరిగితే తనలో తానే గడ్డకట్టడం మొదలుపెట్టి ఇంకా వేడెక్కే గుణం దానిది. ఆ సంగతి రసాయనం భద్రతా వివరాలు రాసి ఉండే సేఫ్టీ డేటా షీటు పదో విభాగంలో ఉంటుంది. ఆ షీటులో 16 విభాగాలు. కనీసం రెండు, నాలుగు, పది చదవమన్నారు. వాటిలో వరుసగా ప్రమాద స్వభావం, ప్రథమ చికిత్స, నిలకడ ఉంటాయి. మీ యజమానిని ఆ షీటు అడగండి. లేదంటే నాకు చెప్పండి, సంఘం తరఫున ఉత్తరం రాస్తాను.

ఇక గట్టు కట్టారా లేదా అని చూడవలసినవారి సంగతి. శిబిరానికి ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి అధికారిని పిలిచాం. మూడుసార్లు ఉత్తరం ఇచ్చి, మూడుసార్లూ ముద్ర వేయించుకున్నాను. వస్తామన్నారు. వేదిక మీద కుర్చీ, కుర్చీ ముందు పేరు రాసిన అట్ట, బల్ల మీద దండ ఉంచాం. మధ్యాహ్నం రెండింటికి ఆ దండ వాడిపోతుంటే మాస్టారికి వేశాం. అధికారుల మాట అలా ఉంచితే, మన వాట్సాప్ బృందంలో “నేను వస్తాను” అని బొటనవేలు ఎత్తినవారు ముప్పైమందికి పైనే. ఉదయం ఏడింటికి బల్లలు మోయడానికి వచ్చింది నలుగురు. ఆ నలుగురిలో ఒకరు సంఘం సభ్యుడు కూడా కాదు, మా ఇంటి పక్క కన్నడ అబ్బాయి.

ఆ అబ్బాయి ఇంకో మేలు కూడా చేశాడు. తొమ్మిది బొమ్మలతో గోడ పత్రిక వేసేటప్పుడు, లేబులు మీద ఉండే డేంజర్, వార్నింగ్ అన్న రెండు హెచ్చరిక పదాలను తెలుగులో ఏమనాలన్నది కార్యవర్గంలో పెద్ద తగవైంది. తీవ్రమైనదానికి ఒకటి, అంతకన్నా తక్కువదానికి ఇంకొకటి వాడాలి. ఒకే లేబులు మీద రెండూ ఉండకూడదు. “ప్రమాదం” అంటే రోడ్డు ప్రమాదం గుర్తొస్తుందని కొందరు, “జాగ్రత్త” అంటే మరీ ఇంట్లో అమ్మ చెప్పినట్లుందని కొందరు. చివరకు అతను, మా భాషలో కరెంటు స్తంభాల మీద “అపాయ” అని రాస్తారు, మీరు ఒక సున్న చేర్చుకుంటే సరిపోదా అన్నాడు. పెద్దదానికి “అపాయం”, చిన్నదానికి “హెచ్చరిక” అని తీర్మానమైంది. పత్రికను తెలుగు, కన్నడం రెండింటిలో అచ్చు వేయించాం.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది. ఆడిటరు సంతకం చేశారు. గోడ పత్రికల అచ్చుకు అనుకున్నదానికన్నా ఎక్కువైంది. ఆ తేడా అధ్యక్షుల వారు ప్రస్తుతానికి సర్దారు, చందాలు వస్తే తీర్చాలి. ప్రశ్నలుంటే కోశాధికారిని అడగండి.

కృతజ్ఞతలు చెప్పవలసినవారు చాలామంది. మాస్టారికి, వారిని తీసుకొచ్చిన అల్లుడిగారికి, ఆదివారం హాలు ఇచ్చిన పాఠశాల యాజమాన్యానికి, తెల్లవారుజామున లేచి రెండు గుండిగల పులిహోర కలిపిన మహిళా విభాగానికి, పీహెచ్ కాగితాలు ఇచ్చిన మందుల దుకాణం సభ్యునికి, మైకు రెండుసార్లు మూగబోయినా ఓపిక పట్టిన మీ అందరికీ. ఎవరి పేరైనా మరచి ఉంటే అది కార్యదర్శి తప్పు, సంఘానిది కాదు.

గోడ పత్రికలు ఇంకా ఒక కట్ట మా ఇంట్లో, మంచం కింద ఉన్నాయి. సాయంత్రం ఏడు తర్వాత వచ్చి తీసుకెళ్లండి, షెడ్డుకు ఒకటి చొప్పున. శిబిరం రోజు అద్దెకు తెచ్చిన కుర్చీల్లో రెండు ఇంతవరకు తిరిగి చేరలేదు. సామియానా ఆయన నాకు రోజూ ఫోను చేస్తున్నారు. అవి ఎవరి ఇంట్లో ఉన్నాయో వారికి తెలుసు.