బోర్డులు రాసే బాబాయిగారికి

నిన్న సాయంత్రం స్కూలువాళ్లు ఆర్డరు చేతిలో పెట్టారు. నా పేరు, పక్కనే ఆర్ట్ టీచర్ అని ఉంది. రాత్రంతా నిద్ర పట్టలేదు, పొద్దున్నుంచి తల దిమ్ముగా ఉంది. అయినా ఇది రాసేస్తే గానీ మనసు కుదుటపడేలా లేదు. ఎల్లుండి స్కూల్లో చేరితే మళ్లీ ఎప్పటికి తీరిక దొరుకుతుందో ఏమో. పొడుగైపోతే ఏమీ అనుకోకండి.

ఇంట్లోవాళ్ల సంగతి ముందే చెప్పేస్తాను. బాబుని అత్తయ్య చూసుకున్నారు. ఫీజులూ బస్సు చార్జీలూ మా ఆయన చూసుకున్నారు. అమ్మానాన్నలు రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడిగారు. వీళ్లకి థాంక్స్ అని రాస్తే ‘ఇదేంటే కొత్తగా’ అంటారు. కాబట్టి వదిలేస్తున్నా.

నేను చెప్పాలనుకున్నది కాకినాడలో బోర్డులు రాసే ఒకాయన గురించి. పేరు పెట్టొద్దన్నారు. "బోర్డు కింద మూల రాసుకుంటున్నాను కదమ్మా, అది చాలు" అన్నారు. నేను బాబాయిగారూ అని పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను.

కొంచెం వెనక సంగతి చెప్పకపోతే ఆయన చేసిన సాయం ఏంటో తెలీదు. నాది బీఏ. రాజమండ్రిలో చదివేటప్పుడు తీరిక దొరికితే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో కూర్చునేదాన్ని. బొమ్మలు వెయ్యడం చిన్నప్పట్నుంచీ ఉంది. పిల్లలకి నేర్పించడం అంటే ఇంకా ఇష్టం. డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు స్కూలుకి వెళ్లి అడిగితే "టీటీసీ ఉందా?" అన్నారు. డ్రాయింగ్‌కి కూడా టీటీసీ, అంటే టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్, ఉంటుందని అప్పటిదాకా నాకు తెలీదు. మనవైపు డ్రాయింగ్ టీచర్ కావాలంటే నాలుగేళ్ల బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అయినా చదవాలి, లేదంటే ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, వేసవిలో 42 రోజుల టీటీసీ ట్రైనింగ్ అయినా చెయ్యాలి. అప్పటికి పెళ్లయింది, బాబు కడుపులో ఉన్నాడు. మళ్లీ నాలుగేళ్ల చదువంటే జరిగే పని కాదు. అలా రెండో దారి పట్టాను.

లోయర్ పరీక్షకి ఏడో తరగతి పాసైతే చాలు. హాల్లో నా పక్కన కూర్చున్నది హైస్కూలు పిల్లాడు. డిగ్రీ చదివిన నేనూ, నిక్కరేసుకున్న వాడూ ఒకే ప్రశ్నాపత్రం. వాడు నా కంటే బాగా వేశాడు, అది వేరే సంగతి. ఎలాగో లోయర్ అయింది, హయ్యర్ అయింది. ట్రైనింగ్ ఉండేది వేసవిలో మాత్రమే. ఏదైనా కారణంతో ఒక వేసవి తప్పిపోతే ఇంకో ఏడాది ఆగాల్సిందే. డిగ్రీ ఉంది, గ్రేడ్ పరీక్షలు పాసయ్యాం, అయినా మే నెల కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి.

నాకు సెంటర్ కాకినాడలో పడింది. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. తెల్లారగట్ల బస్సెక్కి ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడ. సాయంత్రం మళ్లీ అదే దారి. సైకాలజీ, బోధనా పద్ధతులు, స్కూలు నిర్వహణ, అన్నీ చెప్పారు. వేసవి సెలవుల్లో పిల్లలెక్కడ దొరుకుతారు? పాఠం చెప్పే ప్రాక్టీసుకి మాలో మేమే పిల్లలం. మీసాలున్న ఆరో తరగతి విద్యార్థులకి నేను కుండ బొమ్మ నేర్పించాను. ఒకాయన కావాలనే "టీచర్, నాకు రబ్బరు లేదు" అని లేచి నిలబడేవాడు.

ఆఖర్న రికార్డులు చూపించాలి. వేసిన షీట్లు, చార్టులు, లెసన్ ప్లాన్లు అన్నీ. దాంతోపాటు బ్లాక్‌బోర్డు మీద బొమ్మ వేసి పాఠం చెప్పాలి. ఆ ముందురోజు సాయంత్రం క్లాసు అయ్యి బయటికొస్తే గాలివాన పట్టుకుంది. ఎండాకాలం చివర్లో వచ్చే గాలివాన ఎలా ఉంటుందో గోదావరి జిల్లాలవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చేతిలో చార్టుల చుట్ట. రెండు కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టాను. పై కవరు గాలికి ఎగిరిపోయింది, లోపలిది చీరుకుపోయింది. పోస్టర్ కలర్‌కి నీళ్లు తగిలితే ఏమవుతుందో బొమ్మలేసేవాళ్లకి తెలుసు. నీలం వెళ్లి పసుపులో కలిసింది. మోచేతుల దాకా ఆకుపచ్చ కారుతోంది. కరెంటు పోయింది. యానాం దగ్గర చెట్టు పడి బస్సులు ఆగిపోయాయని ఎవరో అంటున్నారు. ఫోన్ ఎప్పుడో చచ్చిపోయింది. మూసి ఉన్న ఒక షాపు అరుగెక్కి నిలబడి ఏడ్చాను, గట్టిగానే.

షట్టర్ సగం లేచింది. అరవై దాటిన పెద్దాయన, లుంగీ, చొక్కా నిండా రంగుల మరకలు. ఎందుకేడుస్తున్నావని అడగలేదు. నా చేతులకేసి చూసి, "పోస్టర్ కలరా?" అన్నారు. తలూపాను. "అది తర్వాత చూద్దాం. ముందు ఇంటికి ఫోన్ చెయ్యమ్మా" అని తన ఫోన్ ఇచ్చారు.

అవతల అత్తయ్య ఎత్తారు. నాకు మాట రావడం లేదు. ఆయనే ఫోన్ అందుకుని, "అక్కయ్యగారూ, మీ కోడలు మా షాపులో ఉందండి. బస్సుల్లేవు. మా ఇంటావిడ్ని పిలుస్తున్నాను, ఆవిడతో మాట్లాడండి. రాత్రికి అమ్మాయి మా ఇంట్లోనే పడుకుంటుంది, కంగారు పడకండి, ఆయ్" అన్నారు. ఇల్లు షాపు వెనకే. పిన్నిగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోన్ తీసుకున్నారు. మీది ఏ ఊరు, ఎవరి తాలూకా అని మొదలుపెట్టి, ఈ ఏడు ఆవకాయ ఎంత పెట్టారు అనేదాకా వెళ్లారు ఇద్దరూ.

నేను అక్కడే కూలబడిపోయాను. పాడైన షీట్ల గురించి కాదు. చీకటి పడ్డాక ఊరుకాని ఊళ్లో ఇరుక్కుపోయిన ఆడదానికి ముందు వచ్చే టెన్షన్ వాన గురించో బస్సు గురించో కాదు, ఇంట్లో ఏం చెప్పాలి అని. మా అత్తయ్య మంచావిడే. అయినా సరే. నేను నోరు తెరవకుండానే ఆయనకి అది తెలిసింది. భార్యని పిలిచి మాట్లాడించాలన్నది కూడా ఆయనకే తోచింది. ఆయనకి ఆడపిల్లలు లేరు. ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇది రాస్తుంటే కూడా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

తర్వాత షీట్ల పని పట్టారు. చార్జింగ్ లైటు పెట్టి, ఒక్కో షీటూ విడదీసి, పాత పేపర్ల మధ్య పెట్టి, మీద ప్లైవుడ్ పలక, పలక మీద ఎనామెల్ డబ్బాలు పెట్టారు. "బతికేవి బతుకుతాయి. పోయినవి మళ్లీ వెయ్యి" అన్నారు. అటక మీంచి బొమ్మలేసే మందపాటి కార్ట్రిడ్జ్ షీట్లు దింపారు. నేను వేస్తున్నంతసేపూ పక్కన కూర్చుని సణుగుడే. "గిన్నే చెంబూ వెయ్యడానికి గవర్నమెంటు పరీక్ష ఏంటమ్మా, విడ్డూరం కాకపోతే!" మళ్లీ వెంటనే, "వేస్తే సరిగ్గా వెయ్యి, ఆ చెంబు మూతి చూడు, అటు వాలిపోయింది." బ్రష్ మాత్రం ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నేనే నిద్ర ముంచుకొచ్చి, ఈ ఒక్క బోర్డరూ మీరు కొట్టండి బాబాయిగారూ అంటే, "నీ రికార్డు నువ్వే వేసుకోవాలి" అనేశారు. పిన్నిగారు పెరుగన్నం, ఆవకాయబద్ద పెట్టారు. చేతులకి రంగు ఉందని ముద్దలు కలిపి అరచేతిలో పెట్టారు.

బ్లాక్‌బోర్డు అంటే నాకు భయమని మాటల్లో తెలిసింది ఆయనకి. కాగితం మీద బాగానే వచ్చే కుండ, బోర్డు దగ్గరికెళ్తే సొట్టపోతుంది. నల్లరంగు కొట్టి ఆరబెట్టిన పెద్ద రేకు ఒకటి ఉంటే గోడకి నిలబెట్టారు. పురికొసకి సుద్దపొడి పట్టించి, పై చివర నన్ను పట్టుకోమని, కింది చివర ఆయన పట్టుకుని, మధ్యలో లాగి వదిలారు. టప్పుమని నిలువునా తెల్లగీత పడింది. "దీనికి అటూ ఇటూ కుండ. మణికట్టు తిప్పకు, భుజం దగ్గర్నుంచి చెయ్యంతా రానియ్యి. గీసి రెండడుగులు వెనక్కెళ్లి చూడు." గీశాను, తుడిచాను, గీశాను. కరెంటు వచ్చేసరికి కుండ కుండలాగే ఉంది.

పొద్దున్న డబ్బులు ఇవ్వబోతే షీట్లకి తీసుకున్నారు. వాటి ధర ఎంతో అంతే, చిల్లర లెక్కపెట్టి వెనక్కిచ్చారు. మిగతాదానికి ఏమైనా ఇస్తానంటే కోప్పడ్డారు.

ఇంత చేశాక సెంటర్‌లో ఏం జరిగిందో చెప్పనా? రికార్డు చూసే ఆయన ఫోన్ మాట్లాడుతూ పేజీలు తిరగేసి, ఆఖరి పేజీలో సంతకం గీకి పక్కకి నెట్టేశారు. కొత్తగా వేసిన షీటు ఏదో, పేపర్ల మధ్య ఆరింది ఏదో ఆయనకి అక్కర్లేదు. సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగినప్పుడూ అదే తంతు. టెన్త్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఈ దేశంలో పెళ్లిచేసుకున్న ఆడది నేనొక్కదాన్నే అయినట్టు చూశారు.

ఇంత తిరిగితే ఉద్యోగాలైనా ఉన్నాయా? ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది పిల్లలు దాటితే ఆర్ట్‌కి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసి ఉంది. పార్ట్‌టైమే, అదీ వంద దాటితేనే. నేను చదువుకున్న హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు మళ్లీ నింపలేదు. ఆ పీరియడ్ లెక్కల సారు తీసేసుకున్నారు. సీబీఎస్‌ఈ 2019లో వారానికి కనీసం రెండు పీరియడ్లు ఆర్ట్ ఉండాలంది. 2020 జాతీయ విద్యావిధానం కళలకీ చదువుకీ మధ్య గోడ ఉండకూడదంది. వినడానికి బాగానే ఉంటాయి. నాకు వచ్చింది ప్రైవేటు ఉద్యోగం, జీతం ఎంతో రాస్తే మీరే బాధపడతారు. అయినా ఉద్యోగం వచ్చింది, అదే పదివేలు.

ఇంకో మాట కూడా అనేస్తాను. ఒకప్పుడు బాబాయిగారికి సినిమా హాళ్ల బోర్డులు, లారీలు, ఎన్నికలొస్తే గోడలు, తిండి తినడానికి తీరిక ఉండేది కాదట. ఫ్లెక్సులొచ్చి అన్నీ ఊడ్చుకుపోయాయి. ఇప్పుడు బండ్ల నంబర్లు, ఎప్పుడైనా ఒక స్కూలు గోడ. గీత మీద అంత పట్టున్న మనిషిని ఏ స్కూలూ వారానికి ఒక్క గంట కూడా పిలవదు, ఎందుకంటే కాగితం లేదు. నాకు కాగితం ఉంది. ఆ గ్యాలరీకి పేరున్న దామెర్ల రామారావులోని చిత్రకారుణ్ణి గుర్తించి వెన్నుతట్టడానికి రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఉన్నాడు, అక్కణ్ణుంచి ఆయన బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ దాకా వెళ్లాడు. బాబాయిగారికి అలాంటివాళ్లు ఎవరూ తగల్లేదు. అడిగితే, "మా నాన్న తగిలాడమ్మా, బెల్టుతో" అని నవ్వేశారు.

ఆర్డరు రాగానే అమ్మకంటే ముందు ఆయనకే ఫోన్ చేశాను (అమ్మా, ఇది చదివితే కోప్పడకు). "పిల్లలకి ముందే రంగులివ్వకు, గీత రానియ్యి" అని పెట్టేశారు.

అయ్యో, చాలామందిని మర్చిపోయాను. మా ట్రైనింగ్‌లోనే టైలరింగ్ బ్యాచ్‌లో ఉన్న అక్క ఒకావిడ, నా చార్టుల సంగతి విని మర్నాడే రెక్సిన్‌తో సంచి కుట్టి తెచ్చింది, కొలతలు కూడా అడక్కుండా. ఇంటిపేరు గొడవలో అఫిడవిట్ టైపు చేసి, నోటరీ దగ్గరికి తనే తీసుకెళ్లిన జిరాక్స్ షాపు కుర్రాడు. ఉదయం బస్సు కండక్టరుగారు, నేను రోడ్డు మలుపులో పరిగెత్తుకొస్తుంటే ఆపి ఉంచేవారు, తిట్టేవారు కూడా. రబ్బరు లేదన్న మీసాలాయన, నీ క్లాసులో నవ్వకపోతే ఆ ఎండల్లో పిచ్చెక్కేది. లోయర్‌కి మోడల్ డ్రాయింగ్ నేర్పిన మా వీధి చివర రిటైర్డ్ మాస్టారు, మిమ్మల్ని ఆఖర్న రాశానని అనుకోకండి, రేపు స్వీట్లతో వస్తున్నా. ఇంకా ఎవరైనా మిగిలిపోతే కామెంట్లో తిట్టండి, చేరుస్తాను.

కాకినాడ వైపు కొత్తగా షాపు పెట్టేవాళ్లు ఎవరైనా ఉంటే, ఫ్లెక్సు కొట్టించే ముందు నాకొక మెసేజ్ పెట్టండి, బాబాయిగారి షాపు ఎక్కడో చెబుతాను. రంగు ఖర్చు ముందే ఇవ్వాలి. బేరమాడితే మాత్రం ఒప్పుకోరు.