పాత సంపాదకీయాలు కూడా బయట పెట్టండి

సంపాదకుడు గారికి,

మొన్న మీ వార్షికోత్సవ ప్రత్యేక సంచిక చూశాను. పాత పేపర్ల క్లిప్పింగులు వరసగా వేసి, ఒక్కోదాని పక్కన 'ఆనాడే చెప్పాం' అని ఎర్రరంగులో ముద్ర కొట్టారు. సారా వ్యతిరేక ఉద్యమం ఉంది, 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని దించేసిన రోజు ఉంది, 2018 తిత్లీ తుపాను ఉంది. అన్నీ మీరు గెలిచిన పందేలే. మరి ఓడినవేవండీ? ఇన్నేళ్లలో ఒక్క నాయకుణ్ణయినా నెత్తిన పెట్టుకుని తర్వాత చప్పుడు చేయకుండా కిందికి దించలేదా? ఎమర్జెన్సీ పెట్టిన వారంలో మీ సంపాదకీయం దేనిమీద? ఇవి తెలియాలంటే పాత పేపరు పాఠకుడి చేతికి అందాలి. అది మీ ఆఫీసులో తప్ప మా చుట్టుపక్కల ఎక్కడా లేదు.

మా మేనకోడలు ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుతోంది. సోంపేట బీల భూముల మీద, అంటే అక్కడి చిత్తడి నేలల మీద ప్రాజెక్టు రాయాలి. అక్కడ థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద 2010 జులై 14న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి, ఆ వార్త అన్ని పేపర్లూ రాశాయి, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. తనకి కావలసింది అంతకు ముందు సంవత్సరం పేపర్లు. థర్మల్ ప్లాంటు వస్తే జిల్లా దశ తిరుగుతుందని ఎవరు రాశారు, బీల పూడ్చేస్తే చేపలు పట్టుకునేవాళ్లూ తంపర (పల్లపు) పొలాల రైతులూ ఏమైపోతారని ఎవరు అడిగారు, కంపెనీ వాళ్ల ఫుల్ పేజీ ప్రకటన పడిన రోజు లోపల పేజీల్లో ఆ ఊళ్ల గురించి ఏం రాశారు, ఇలాంటివన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలని తన ఆశ. ఇవి మెయిన్ పేపర్లో ఎక్కువ రావు, జిల్లా టాబ్లాయిడ్‌లోనే వస్తాయి. మీ ఈ-పేపర్లో అంత వెనక్కి వెళ్తే పేజీ తెరుచుకోదు. స్థానిక విలేకరిని అడిగితే యూనిట్ ఆఫీసుకి వెళ్లమన్నారు. అక్కడ నెలకో బైండు చొప్పున బీరువాల్లో ఉన్నాయట, అద్దంలోంచి కనిపిస్తున్నాయి కూడా, కానీ బయటివాళ్లకి చూపించే పర్మిషన్ లేదన్నారు. ఇక లైబ్రరీలో పాత పేపర్లు ఎప్పటికప్పుడు తూకానికి వేసేస్తారు, వాళ్లకి మాత్రం చోటెక్కడిది.

ఇందులో ఇంకో చిక్కుంది, అది మా వైపు వాళ్లకే అర్థమవుతుంది. మాది రాజాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసేదాకా మా వార్తలు శ్రీకాకుళం పేజీల్లో వచ్చేవి, ఇప్పుడు విజయనగరం పేజీల్లో వస్తున్నాయి. 1967 అక్టోబరు 31న లేవిడిలో గిరిజన ఉద్యమంలోని కోరన్న, మంగన్న తూటాలకి బలైనప్పుడు అది శ్రీకాకుళం జిల్లా. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాక అటు పోయింది, ఇప్పుడు పార్వతీపురం మన్యం. కాబట్టి పాత పేపర్లు కంప్యూటర్లో పెట్టినా జిల్లా పేరుతో సర్దేస్తే సగం దొరకవు. ఊరి పేరుతో వెతికే వీలుండాలి.

వైఖరి సంగతికి వస్తాను. పత్రికకి రాజకీయం ఉండకూడదని నేననను. ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు, కృష్ణాపత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావు గారు గోడమీద పిల్లుల్లా కూర్చుని పత్రికలు నడిపారా? వాళ్లు ఎటువైపో చదివేవాళ్లకి తెలుసు. కమ్యూనిస్టుల పత్రికలు విశాలాంధ్ర, ప్రజాశక్తి కొనేవాడికీ తానేం కొంటున్నాడో తెలుసు. మీతో మా గొడవల్లా ఏమిటంటే, మొదటి పేజీలో నిష్పక్షపాతం అంటారు, లోపల మాత్రం చిలకపాలెం - రామభద్రపురం రోడ్డు మీద గొయ్యి కూడా ఏ ప్రభుత్వం ఉందో చూసుకుని లోతు మారుతుంది. ఉద్దానం కిడ్నీ రోగులూ అంతే, వంశధార నిర్వాసితులూ అంతే. ఒక అయిదేళ్లు బ్యానర్ వార్త, ఇంకో అయిదేళ్లు సింగిల్ కాలమ్. 'ఏటి మాస్టారూ, ఏ పేపరు ఎవుళదో మా కొట్లో టీ తాగే పిల్లోడికీ తెలుసు' అంటాడు మా టీ కొట్టాయన, అందుకే బల్లమీద రెండు పేపర్లు వేస్తాడు, రెండూ చదివి మధ్యలో నిజం ఎంతుంటుందో ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటారు. మీ వైఖరి సంపాదకీయంలో కుండబద్దలు కొట్టినట్టు రాయండి, మేం ఒప్పుకోకపోయినా చదువుతాం. వార్తలో మాత్రం కలపకండి.

ఖర్చు అంటారేమో. మా శ్రీకాకుళంలోనే కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టారు. ఆయన రిటైరైన బడిపంతులు. ఎప్పుడో ఆగిపోయిన వారపత్రికల్లోంచి, మాసపత్రికల్లోంచి కథలు సేకరించి అక్కడ భద్రపరిచారు, ఇప్పుడవి ఇంటర్నెట్లో కూడా దొరుకుతున్నాయి. ప్రెస్ అకాడమీ వాళ్లు ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక లాంటివి స్కాన్ చేయించి జనానికి అందుబాటులో పెట్టారు. ఇన్ని ఎడిషన్లు నడిపే మీకు మాత్రం కుదరదా? 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సెన్సార్ మీద నిరసనగా సంపాదకీయం చోటు ఖాళీగా వదిలేసింది. ఆ ఖాళీ గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటున్నామంటే ఆ కాగితం దాచిపెట్టినవాళ్లు ఉన్నారు కాబట్టేగా.

పాత పోలీసు కేసుల్లో మామూలు మనుషుల పేర్లుంటాయి, అవి మళ్లీ బయటికొస్తే వాళ్లకి ఇబ్బందే, అక్కడ మీ జాగ్రత్త మీరు పడండి. సంపాదకీయాలకి ఆ బాధ లేదు కదా. ముందు ఆ పేజీ ఒక్కటే స్కాన్ చేయించండి, రోజుకి ఒక పేజీ, ఏడాదికి మహా అయితే 365. ఆ తర్వాత జిల్లా టాబ్లాయిడ్లు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో ఒక్కో కంప్యూటర్లో వేసిచ్చినా చాలు, ప్రింటుకి డబ్బులు తీసుకుంటామంటే అలాగే తీసుకోండి. ఈలోగా, రిసెర్చి చేసే పిల్లలు కాలేజీ లెటరు పట్టుకొస్తే వారానికి ఒక పూటయినా ఆ బీరువా తాళం తీయించండి.

ఈ ఉత్తరం పెద్దదైందని కత్తిరిస్తారని తెలుసు. రోడ్డు గొయ్యి మాట తీసేసినా నేనేం అనుకోను, బీరువా తాళం మాట మాత్రం ఉంచండి. మేనకోడలు సెప్టెంబరులోపు ప్రాజెక్టు ఇచ్చేయాలి.

ఇట్లు,
ఒక చందాదారు,
రాజాం, విజయనగరం జిల్లా