కిల్టూ, దాని సింగారాలూ

ఏమే పిల్లా,

బాగున్నావా? బాబుకి జలుబు తగ్గిందా? షాపులో గిరాకీ ఎలా ఉంది? బ్లౌజులు కుట్టి కుట్టి నీ మెడ పట్టేసిందని మీ అమ్మ మా అమ్మతో చెప్పిందట. కాస్త చూసుకోవే.

"ఫోటోలో నీ పక్కనున్నావిడ కాన్వెంటు పిల్లలా ఆ గళ్ళ లంగా వేసుకుందేంటే? దానికి ఆ పిన్నులేంటి, నడుముకి ఆ గొలుసేంటి?" అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేస్తే నా నోటి దురద తీరదు. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో.

అది లంగా కాదే తల్లీ, కిల్టు, ఇక్కడ స్కాట్లండులో మగాళ్ళు కట్టుకునే కుచ్చిళ్ళ బట్ట. ఆవిడ మా ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది. ఆ ఫోటో మా ఇంకో కొలీగ్ పెళ్ళిలో తీసింది. ఇక్కడ గ్లాస్గోలో పెళ్ళంటే రాత్రికి కేలీ ఉండాల్సిందే. అంటే అకార్డియన్, ఫిడేలు వాయిస్తుంటే చిన్నా పెద్దా అందరూ జతలు మార్చుకుంటూ ఎగిరే డ్యాన్సు. మగాళ్ళందరూ అద్దెకి తెచ్చుకున్న కిల్టుల్లో, ఒకే అచ్చులో పోసినట్టున్నారు. నల్ల కోటు, ముందు తోలు పర్సు, తెల్ల మేజోళ్ళు. ఈవిడ మాత్రం వాళ్ళ తాతగారి కిల్టుని తన కొలతకి విప్పి కుట్టించుకుని వచ్చింది. నా కళ్ళు ఆవిడ మీదే.

నువ్వు టైలర్‌వి కాబట్టి ముందు కుట్టు సంగతి చెప్తాను, లేకపోతే నన్ను వదలవు. పెద్ద కిల్టుకి ఎనిమిది గజాల ఉన్ని బట్ట పడుతుంది. మన చీరకన్నా ఎక్కువే! డబుల్ పన్నా బట్టయితే నాలుగు గజాలు తీసుకుని, పొడుగునా రెండుగా చీల్చి, కలిపి కుడతారు. కుచ్చిళ్ళన్నీ వెనకే. ముందు రెండు పొరలు ఒకదాని మీద ఒకటి చదునుగా వస్తాయి. కింద మడిచి కుట్టడం ఉండదు, మగ్గం మీద నేసిన అంచే కింది అంచు. అందుకే పొడుగు ఎక్కువైందని కత్తెర పెట్టడానికి లేదు. కుచ్చిళ్ళు పెట్టడంలో రెండు పద్ధతులు. ఒకటి, మడతలు పెట్టాక కూడా గళ్ళ డిజైను ఎక్కడా తెగకుండా వెనకంతా కలిసిపోయేలా పెట్టడం. రెండోది, ప్రతి కుచ్చి మధ్యలో ఒకే చార వచ్చేలా పెట్టడం. ఇది సైన్యం వాళ్ళ అలవాటు. రెండో రకంలో నిలబడితే ఒక రంగు, గిర్రున తిరిగితే ఇంకో రంగు బయటపడుతుంది.

నడుము నుంచి పిరుదుల దాకా ప్రతి కుచ్చినీ చేత్తో కుడతారు. ఆడవాళ్ళకి కుట్టేటప్పుడు అసలు పనంతా అక్కడే. మన నడుముకీ పిరుదులకీ తేడా ఎక్కువ కదా, ఆ తేడానంతా ఇరవై పైచిలుకు కుచ్చిళ్ళకి పంచి, ఒక్కోదాన్నీ నడుము దగ్గర కాస్త కాస్త సన్నం చేసుకుంటూ రావాలి. ఎక్కడైనా ఒక్కటి లెక్క తప్పితే గళ్ళు మెలికలు తిరుగుతాయి. నువ్వైతే కుట్టగలవు, నాకు నమ్మకమే.

ఇక ఆవిడ అలంకారం. పై పొర కింది మూలన మూడు పిన్నులున్నాయి. ఒకటి కత్తి ఆకారంలో ఉండే మామూలు కిల్టు పిన్ను. దాని పైన చిన్న ఎనామెల్ సైకిలు బ్యాడ్జి, ఆవిడకి సైకిలు పిచ్చిలే. మూడోది వాళ్ళ అమ్మమ్మ వెండి బ్రోచ్, గుండె ఆకారం మీద కిరీటం. దీన్ని లకెన్‌బూత్ అంటారు. ఎడిన్‌బరోలో సెయింట్ జైల్స్ చర్చి పక్కన తాళాలు వేసుకునే కొట్లుండేవట, అక్కడ అమ్మేవాళ్ళు కాబట్టి ఆ పేరు. ప్రేమించిన పిల్లకి ఇచ్చేవాళ్ళు, ఆమెకి బిడ్డ పుడితే ఆ బిడ్డ శాలువకి గుచ్చేవాళ్ళు, దిష్టి తగలకుండా! దిష్టి భయం మనకొక్కళ్ళకే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఒక టిప్పు చెప్తా విను. పిన్ను పై పొరకే గుచ్చాలి, రెండు పొరలూ కలిపి గుచ్చకూడదు. కూర్చుని లేచేటప్పుడు రెండు పొరలూ రెండు వైపులకి లాగి బట్ట చిరుగుతుంది. పిన్ను పని పొరలు పట్టి ఉంచడం కాదు, బరువుగా ఉండి గాలికి లేవకుండా చూడటం. ఇక్కడి గాలి గురించి నీకు తెలీదు, గొడుగులు తిరగబడిపోతాయి.

మగవాళ్ళు ముందు వేలాడేసుకునే తోలు పర్సుని స్పోరన్ అంటారు. కిల్టుకి జేబులుండవు కాబట్టి అది పుట్టింది. ఆడవాళ్ళు స్పోరన్ పెట్టుకోకూడదని చాలామంది పెద్దవాళ్ళు అంటారు. ఈవిడ పాత బూటు తోలుతో చిన్న సంచీ కుట్టుకుని పక్కకి, తుంటి మీద కట్టుకుంది. దాన్నుంచి సన్న గొలుసు, గొలుసుకి తాళంచెవి, అంగుస్తానా (కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగు), బుల్లి కత్తెర. మేజోడులో మగాళ్ళు చిన్న బాకు దోపుకుంటారు, పిడి పైకి కనపడేలా. ఈవిడ మేజోడులో ఏముందో తెలుసా? క్రోషే సూది! డ్యాన్సు మధ్యలో ఒకమ్మాయి లేసు ఊడిపోతే అక్కడికక్కడే ఆ సూదితో లాగి ముడేసింది. కాళ్ళకి ముదురాకుపచ్చ డాక్ మార్టెన్స్ బూట్లు. మేజోళ్ళు జారకుండా మోకాలి కింద కట్టే పట్టీకి రెండు రంగు రిబ్బన్ ముక్కలు బయటికి కనపడతాయి, వాటిని ఫ్లాషెస్ అంటారు. ఆవిడవి ఒకటి పసుపు, ఒకటి వంకాయ రంగు. జత కాకపోయినా బాగున్నాయి.

పెళ్ళిలో ఒక పెద్దాయన "ఇది సంప్రదాయం కాదమ్మా" అన్నాడు ఆవిడతో. మొహమాటంగా, నవ్వుతూనే అన్నాడులే. నాకే ఒళ్ళు మండింది. ఆ సంప్రదాయం వయసెంతో చూద్దామని తర్వాత లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదివాను.

1746లో, ఇక్కడి హైలాండ్స్‌లో (అంటే ఉత్తరాన కొండ ప్రాంతం) లేచిన తిరుగుబాటు అణిచేశాక, లండన్ ప్రభుత్వం హైలాండ్ దుస్తులు వేసుకోకూడదని చట్టం చేసింది. ఆ చట్టంలో ఉన్నది మగవాళ్ళూ, మగపిల్లలూ మాత్రమే. ఆడవాళ్ళ ఊసే లేదు! ఈ గళ్ళ ఉన్ని బట్టని టార్టన్ అంటారు. 1782లో ఆ చట్టం రద్దయ్యేదాకా, సైన్యంలో ఉన్నవాళ్ళని పక్కన పెడితే, టార్టన్ బట్టని దర్జాగా, భయం లేకుండా ఒంటిమీద వేసుకోగలిగింది ఆడవాళ్ళే. అంతకు ముందునుంచే వాళ్ళకి అరిసేడ్ అనే నిలువెత్తు దుప్పటి లాంటి బట్ట ఉండేది. ఎక్కువగా తెలుపు మీద చారలు. దాన్ని కుచ్చిళ్ళు పోసుకుని, నడుముకి వెండి బిళ్ళలు పొదిగిన తోలు బెల్టు పెట్టి, రొమ్ము మీద బ్రోచ్ గుచ్చేవాళ్ళు. స్కై ద్వీపం మనిషి మార్టిన్ మార్టిన్ 1703లో రాసినదాని ప్రకారం ఆ బ్రోచ్ మామూలు అన్నం పళ్ళెమంత ఉండేదట, మధ్యలో స్ఫటికమో, ఇంకేదైనా రాయో. మరి సింగారం ఇప్పుడు కొత్తగా వచ్చిందా?

ఇప్పుడు మగాళ్ళు "సంప్రదాయం" అని పట్టుకు వేలాడే పద్ధతుల్లో చాలావాటికి ఊపొచ్చింది 1822లో. నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలలు రాసే వాల్టర్ స్కాట్ దగ్గరుండి హంగామా అంతా ఏర్పాటు చేశాడు. రాజుగారు కిల్టు కింద గులాబీ రంగు టైట్స్ వేసుకుని దర్శనమిచ్చారు! ఆయన చేస్తే చరిత్ర, మా అకౌంట్స్ ఆవిడ ఆకుపచ్చ బూట్లేస్తే తప్పు.

శాలువ, అంటే శాష్ గురించి కూడా పద్ధతులున్నాయి. ఇది విని నువ్వు నవ్వుతావు. ఇక్కడ ఒక్కో వంశానికి ఒక్కో గళ్ళ డిజైనులే. మామూలు ఆడవాళ్ళు కుడి భుజం మీద పిన్ను పెట్టుకోవాలి, వంశ నాయకుల భార్యలు ఎడమ భుజం మీద. వేరే వంశంలోకి కోడలిగా వెళ్ళి, ఇంకా పుట్టింటి గళ్ళే వేసుకోవాలనుకునే పిల్లయితే శాష్ కాస్త పొడుగుది తీసుకుని, కుడి భుజం మీద పిన్ను పెట్టి, ఎడమ తుంటి దగ్గర పెద్ద బో కట్టుకోవాలి. పుట్టింటి మీద మమకారం వదలని కోడళ్ళకి ప్రత్యేకంగా ఒక ముడి! మా అత్తగారికి చెప్తే, "నువ్వు రెండు కట్టుకోవాలే" అన్నారు.

డ్యాన్సు పోటీల్లో మాత్రం సొంత తెలివి చెల్లదు. హైలాండ్ డ్యాన్సు ఒకప్పుడు మగాళ్ళదే, ఇప్పుడు చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే. వాళ్ళు వేసుకునేది తెలుపు ఎక్కువున్న టార్టన్ కిల్టు, వెల్వెట్ జాకెట్, గళ్ళ మేజోళ్ళు. 1950ల్లో అబర్డీన్‌షైర్‌లోని అబోయిన్ ఊరి ఆటల పోటీల వాళ్ళు, ఆడపిల్లలు మగాళ్ళ వేషంలో ఆడటం బాగాలేదని వాళ్ళకి వేరే దుస్తులు పెట్టారు. ఆ అబోయిన్ డ్రెస్సు ఇప్పటికీ కొన్ని నాట్యాలకి వేస్తారు. నాకైతే అది పుల్లయ్య వేమవరం వ్యవహారంలా ఉంది. కిల్టు కట్టి ఎగిరే పిల్లల్ని చూస్తే, అది వాళ్ళకోసమే పుట్టిందనిపిస్తుంది. అసలు 1930లోనే లండన్ పక్కన డాగెన్‌హామ్‌లో ఒక చర్చి పాస్టరు చిన్న ఆడపిల్లలకి బ్యాగ్‌పైపు నేర్పించి, కిల్టులు కట్టించి బ్యాండు పెట్టాడు. డాగెన్‌హామ్ గర్ల్ పైపర్స్ అని దేశదేశాలు తిరిగారు. వాళ్ళలో చాలామందికి స్కాట్లండుతో సంబంధమే లేదు.

ఆ తర్వాత పంక్ సంగీతం పిచ్చి పిల్లలొచ్చి టార్టన్‌కి సేఫ్టీపిన్నులు గుచ్చారు. ఫ్యాషన్ డిజైనర్ వివియన్ వెస్ట్‌వుడ్ అయితే 1993లో మొగుడు ఆండ్రియాస్ పేరు మీద మెక్‌ఆండ్రియాస్ అని కొత్త టార్టనే నేయించింది. ఇప్పుడు ఎవరైనా సరే కొత్త గళ్ళు గీసి, ఫీజు కట్టి, 2009లో మొదలైన ప్రభుత్వ రిజిస్టరులో ఎక్కించుకోవచ్చు. సింగ్ టార్టన్ కూడా ఉంది తెలుసా, 1999 నుంచి. నువ్వో డిజైను గీయి, మన ఇద్దరి పేరు మీదా ఎక్కించేద్దాం.

నా సంగతికొస్తే, సెకండ్ హ్యాండ్ షాపులో ఒక ఉన్ని కిల్టు కొన్నాను. అచ్చం మీ మిషను కవరు రంగు నీలం, మీద సన్నటి ఎర్ర గీత. టూరిస్టు కొట్లలో పల్చటి సింథటిక్ బట్టవి చవగ్గా వస్తాయి, కానీ ఒక్క వానకి కుచ్చిళ్ళు నీరుగారిపోతాయి. వాటి మీద పిన్నులు పెట్టడం దండగ. పిన్ను బరువుకి బట్ట వేలాడిపోతుంది.

అందుకే నీతో పని పడింది. మీ చీరాల చుట్టుపక్కల మద్రాసు రుమాళ్ళ గళ్ళు ఎంత పేరున్నవో, ఆఫ్రికా దాకా ఎలా ఎగుమతయ్యాయో మీ మామయ్య చెప్పేవారు కదా. నూలు కుచ్చిళ్ళకి నిలవదు కాబట్టి కిల్టుకి వద్దు. సంచీకీ ఫ్లాషెస్‌కీ మాత్రం అదే కావాలి. ఒక మీటరు ఎర్ర గళ్ళది చూడు. తేలియా రుమాల్ (నూనె పట్టించిన నూలుతో నేసేది) ముక్క ఏదైనా, ఆ నూనె వాసనతో సహా, దొరికితే ఇంకా మంచిది. అది సంచీ పై భాగానికి. లోపల కలంకారీ లైనింగ్ వెయ్యి. గుండ్రం అడుగు, జేబు ఒకటి, ఫోను పట్టాలి. బెల్టుకి వేలాడేయడానికి వెనక రెండు లూపులు గట్టిగా కుట్టు, నీ ఇంటర్‌లాక్‌ని నమ్మను, చేత్తో కుట్టు. మా అమ్మ పాత వడ్డాణంలోంచి ఊడిన బిళ్ళలు నాలుగు నా బీరువా డ్రాయర్లో ఉన్నాయి, ఆవిణ్ణి అడిగి తీసుకుని మూత మీద కుట్టేయి. ఇవ్వనంటే, "గళ్ళ లంగాకి" అనకు, "మీ అమ్మాయి ఆఫీసు ఫంక్షనుకి" అను.

వచ్చే నెల మా తమ్ముడు వస్తున్నాడు, వాడి చేతికివ్వు. ఆవకాయ సీసాల పక్కన పెట్టొద్దని మరీ మరీ చెప్పు.

నీ ఎదురింటి పిల్ల

తా.క. డబ్బులు వద్దంటే ఊరుకోను. మజూరీ ఎంతో రాసి సంచీలోనే పెట్టు.