ఫ్లాస్కులో ప్రాణం పుట్టలేదు, నిజమే

సంపాదకునికి,

ప్రాణం పుట్టుక మాట వస్తే చాలు, మన నగరంలో ప్రవచన వేదికల మీదా, కాలేజీ చర్చల్లోనూ 1953 నాటి స్టాన్లీ మిల్లర్ ప్రయోగం ముందుకొస్తుంది. దాంతో దేవుడి అవసరం తీరిందని కొందరు, అది విఫలమైంది కాబట్టి దేవుడున్నాడని కొందరు. రెండూ తొందరపాటే.

తొలినాటి భూమిని అనుకరిస్తూ మిల్లర్ గాజు ఫ్లాస్కులో నీటిని మరిగించి, ఆవిరిని మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్‌లతో కలిపి, వారం రోజులు విద్యుత్ మెరుపులు పంపాడు. నీటిలో గ్లైసిన్, అలనిన్ వంటి అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ల గొలుసులోని కడియాలు, దొరికాయి. 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలోనూ ఇవి ఉన్నాయి. కాబట్టి ఇటుకలకు కొరత లేదు, చిక్కంతా గోడ కట్టడంలోనే. ఫ్లాస్కులో అలనిన్ కుడి, ఎడమ రూపాలు (అద్దంలో ప్రతిబింబాల్లాంటివి) సగం సగం తయారవుతాయి; మన ప్రోటీన్లకు ఎడమదే కావాలి. పైగా రెండు అమైనో ఆమ్లాలు కలవాలంటే ఒక నీటి అణువు బయటికి పోవాలి. చుట్టూ నీళ్లే ఉంటే గొలుసు పెరగడం కన్నా తెగడమే తేలిక. ఎండి మళ్లీ తడిసే గుంటల మీద పరిశోధకులు దృష్టి పెట్టింది ఇందుకే.

కొన్ని ముడులు వీడుతున్నాయి కూడా. కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్‌లో అమైనో ఆమ్లాలను అతికించేది ప్రోటీన్ కాదు, డీఎన్‌ఏకు దగ్గరి బంధువైన ఆర్‌ఎన్‌ఏ అని 2000లో దాని నిర్మాణం చూపించింది. అంటే ప్రోటీన్ తయారీకి ముందే ప్రోటీన్ ఉండి తీరాలన్న చిక్కు కొంత సడలింది.

మిగిలిన ఖాళీల్లో దేవుణ్ని కూర్చోబెట్టడం భక్తికే అన్యాయం. రేపు అవి పూడితే ఆయన్ని లేచి పొమ్మంటామా? అసలు ప్రకృతికి నియమాలెందుకున్నాయన్నది వేరే ప్రశ్న. దాన్ని ఏ ఫ్లాస్కూ తేల్చలేదు. ఇంటర్ అధ్యాపకులు మిల్లర్ ఫలితంతో పాటు ఈ చిక్కులూ చెప్పాలి. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ సందర్శకులకు తలుపులు తెరిచే రోజున పిల్లల్ని తీసుకెళ్లి అక్కడి శాస్త్రవేత్తలనే అడిగించాలి.

- ఒక జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు, తార్నాక, హైదరాబాద్