‘చెమ్మీన్’లో కడలి, అప్పు

సంపాదకులకు,

నీటితో ముడిపడిన నవలల ప్రస్తావన వచ్చినప్పుడల్లా, తకళి శివశంకర పిళ్ళై 1956లో వెలువరించిన మలయాళ నవల ‘చెమ్మీన్’ను విఫల ప్రేమకథగా, కడలితల్లి ఆగ్రహగాథగా మాత్రమే చెప్పుకోవడం మన సాహిత్య చర్చల్లో అలవాటైపోయింది. ఇంటి ఇల్లాలు దారి తప్పితే సముద్రంమీద ఉన్న భర్తను కడలమ్మ మింగేస్తుందన్న తీరవాసుల నమ్మకం కథకు ఆధారమే, కాదనను. అయితే పడవకూ వలలకూ తన కూతురు కరుత్తమ్మ ప్రేమించిన చేపల వ్యాపారి పరీకుట్టి దగ్గర డబ్బు తీసుకుని, అది తీర్చకుండానే ఎదిగిన జాలరి చెంబన్‌కుంజు పాత్ర నాకు అంతకంటే ముఖ్యంగా తోస్తుంది. తండ్రి ఎగవేసిన ఆ బాకీ కరుత్తమ్మను పెళ్ళయ్యాక కూడా వదలదు. ఆమె భర్త పళని సొరచేప వేటలో సుడిగుండం పాలైనప్పుడు, ఆ నమ్మకం ప్రకారం నింద ఆమె నడవడిమీదికే పోతుంది (నమ్మకాలు ఎవరికి అనుకూలమో వేరే చెప్పాలా!). కడలిని దైవంగానే కాక, అప్పూ పెట్టుబడీ నడిచే పని స్థలంగా కూడా చూసే విమర్శకు మీ సాహిత్య పేజీలో చోటు కల్పించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు