కార్యదర్శి నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడు మన కార్యక్రమాల్లో సగం విజయవాడను ముంచిన బుడమేరు వరద మింగేసింది. సెప్టెంబరు 1న నీళ్ళొచ్చాక సింగ్‌నగర్‌లో పాలు, తాగునీళ్ళు పంచిన సంగతి మీకు తెలిసిందే, మళ్ళీ రాయను. వైద్య శిబిరం ఒక్కటే పెట్టగలిగాం. జమాఖర్చులు విడిగా జతచేశాం.

ఎక్కువ చెప్పాల్సింది ఛత్తీస్‌గఢ్ సరిహద్దున ఉన్న చింతూరులో మన పని గురించి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళం సల్వాజుడుం మొదలయ్యాక, అటు మావోయిస్టులు, ఇటు జుడుం మధ్య నలిగి బస్తర్ నుంచి అడవి దారిన వచ్చేసిన కుటుంబాలు అక్కడున్నాయి. ఇటువైపు గుత్తికోయలంటారు. జనవరిలో అయిదుగురం దుప్పట్ల మూటలతో భద్రాచలం బస్సెక్కాం. దుప్పట్లు అరగంటలో అయిపోయాయి. మిగతా రెండు రోజులూ కాయితాలతోనే సరిపోయింది.

ఒకావిడ పాలిథిన్ సంచి విప్పి, మడతల దగ్గర చిరిగిన రేషన్ కార్డు తీసింది. అంతా హిందీ. అందులో ఇంటిపేరు మాడ్వి, ఇక్కడ బడి రిజిస్టర్లో పిల్లాడిది మడివి. ఆ మాత్రం తేడాకే ఒక ఆఫీసులో దరఖాస్తు తిప్పి పంపారట. పోనీ పేరు కలిసినా, రాష్ట్రం దాటితే ఎస్టీ ప్రయోజనాలు వెంట రావు. అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా (అడవిలో సాగుచేసుకునే భూమికి హక్కుపత్రం) కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి చేతిలో ఉండాలి. మేం మాట్లాడినవాళ్ళు ఆ తర్వాత వచ్చినవాళ్ళే.

వరదప్పుడు మన గుమ్మాల్లోకి నష్టం లెక్కలు రాసుకునే ఎన్యూమరేటర్లు వచ్చారు. కింది అంతస్తు మునిగితే 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు అన్నారు. జాబితాలో పేరు లేదని మనలోనే కొందరు గొడవ కూడా పడ్డాం. తుపాకులకు భయపడి ఊరొదిలినవాళ్ళకు గొడవ పడడానికైనా జాబితా లేదు. వీళ్ళకంటూ దేశంలో ఒక చట్టమే లేదు మరి.

'వాళ్ళ రాష్ట్రం చూసుకోవాలి గదా' అని కార్యవర్గంలో ఒకరన్నారు. తీసిపారేసే మాట కాదు. కానీ 1997లో మిజోరం నుంచి త్రిపురకు పారిపోయిన బ్రూ తెగవాళ్ళ విషయంలో కేంద్రం, రెండు రాష్ట్రాలు కలిసి 2020 జనవరిలో ఒప్పందం చేసుకున్నాయి. త్రిపురలోనే స్థలం, ఇంటికి లక్షన్నర, 4 లక్షల డిపాజిట్, రెండేళ్ళపాటు నెలకు 5 వేలు, ఉచిత రేషన్. దానికి 23 ఏళ్ళు పట్టింది. చింతూరు వాళ్ళకు ఇప్పటికి 20 అవుతోంది.

జూన్‌లో బడులు తెరిచేలోపు మళ్ళీ వెళ్తున్నాం. హిందీ చదవగలిగిన సభ్యులు పేర్లివ్వండి. ఈసారి దుప్పట్లు వద్దు, జిరాక్సు ఖర్చులకు ఇవ్వండి చాలు.