శ్రద్ధాంజలి ఫొటో ఎందుకు పగిలిపోతుంది?

సంపాదకులకు నమస్కారం.

ఫొటో ల్యాబుల్లో బ్లోఅప్ పని, అంటే చిన్న ఫొటోల్ని పెద్దవి చేసే పని చేసేవాళ్లం రాస్తున్న ఉత్తరమిది. మీ శ్రద్ధాంజలి పేజీలో కొన్ని ముఖాలు గళ్లుగళ్లుగా, ఇంకొన్ని మైనం పూసినట్టు నున్నగా కనిపిస్తుంటాయి. ప్రింటింగ్ బాగాలేదని జనం అనుకుంటారు. చాలాసార్లు తప్పు ప్రెస్సుది కాదు, ఫైలుది. ఇంట్లో మనిషి పోయిన హడావుడిలో ఎవరి ఫోన్లో ఏ ఫొటో దొరికితే అది వాట్సాప్‌లో పంపేస్తారు. పెద్దకర్మ నాటికి అదే ఫొటో పేపరు ప్రకటనకీ, 12×18 అంగుళాల ఫ్రేముకీ, గేటు ముందు ఫ్లెక్సీకీ ఎక్కుతుంది.

లెక్క చూడండి. ఫోన్‌తో తీసిన 12 మెగాపిక్సెళ్ల ఫొటో 4000×3000 పిక్సెళ్లు, అంటే అన్ని రంగు చుక్కలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడుగు వైపు దాదాపు 1600కి కుదించుకుపోతుంది. అందులో 20 మంది వరసగా నిలబడి ఉంటే మనిషికి 80 పిక్సెళ్లు, ముఖానికి మహా అయితే 40. ఆ ముఖాన్ని ఫ్రేములో 5 అంగుళాల వెడల్పు చేయమంటే అంగుళానికి 8 పిక్సెళ్లు వస్తాయి. ఏ సాఫ్ట్‌వేరూ ఇక్కడ అద్భుతాలు చేయలేదు. అదే ఫొటో అసలు ఫైలు దొరికితే ముఖానికి 100 పిక్సెళ్లు ఉంటాయి, కొంతైనా పని జరుగుతుంది. కాబట్టి మొదటి పని, తీసినవాళ్ల ఫోన్ నుంచి ఆ ఫొటోని డాక్యుమెంట్‌గా తెప్పించుకోవడం. 2023లో వచ్చిన హెచ్‌డీ మీట మామూలుగా పంపడం కంటే నయమే గానీ అదీ అసలు ఫైలు కాదు. స్టేటస్‌కి తీసిన స్క్రీన్‌షాట్ అన్నిటికంటే అధ్వానం.

ఎంత కావాలో కూడా చాలామందికి అపోహే. న్యూస్‌ప్రింటు మీద ఫొటోని అచ్చేసే చుక్కల జాలి అంగుళానికి 85 నుంచి 100 వరసలే. దానికి రెట్టింపు, అంటే అంగుళానికి 200 పిక్సెళ్లు చాలు. 4 సెంటీమీటర్ల వెడల్పు ఫొటోకి 315 పిక్సెళ్లు సరిపోతాయి. ఫ్రేముకి 300 లెక్కన 3600×5400 కావాలి, గోడ మీద దూరం నుంచి చూసేదైతే 150 లెక్కన 1800×2700తో గడుస్తుంది. 6×4 అడుగుల ఫ్లెక్సీకి అంగుళానికి 50 ఉన్నా చాలు, 3600×2400. 300 లెక్కన వేసే ఫ్రేము కంటే ఫ్లెక్సీకే తక్కువ పిక్సెళ్లు కావాలంటే నమ్మరు! ఇక ఫైలు సెట్టింగులో రిజల్యూషన్ 72 అని ఉన్నచోట 300 అని కొట్టి పంపేవాళ్లున్నారు. అది డబ్బా మీద లేబుల్ మార్చడమే, లోపలి సరుకు పెరగదు.

పాత పాస్‌పోర్టు ఫొటో ఒక్కటే ఉంటే దాన్ని ఫోన్‌తో ఫొటో తీయకండి. మెరుపు పడుతుంది, అంచులు వంగుతాయి. స్కానర్ మీద 1200 డీపీఐ (అంగుళానికి 1200 చుక్కలు) పెడితే 35×45 మిల్లీమీటర్ల ఫొటో 1650×2125 పిక్సెళ్ల దాకా వస్తుంది. గరుకు కాగితం మీద వేసిన ఫొటో అయితే ఒకసారి మామూలుగా, ఒకసారి తలకిందులుగా తిప్పి స్కాన్ చేయాలి. రెండో దాన్ని నిటారుగా తిప్పి మొదటి దాని మీద సరిగ్గా కూర్చోబెట్టి 50 శాతం పలచన చేస్తే గరుకు నీడలు చాలావరకు చెల్లిపోతాయి.

తర్వాత పని వరస. చాలాచోట్ల తప్పు ఇక్కడే జరుగుతుంది: ముందు పదును పెట్టి (షార్పెన్ చేసి) ఆ తర్వాత పెద్దది చేస్తారు. ఫోన్ ఫొటోలు ఎక్కువగా ఉండే జేపెగ్ అనే ఫైలు పద్ధతి ఫొటోని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి కుదిస్తుంది. గళ్లు ఉండగానే నాలుగింతలు చేస్తే ఒక్కో గడి 32 పిక్సెళ్ల పలక అవుతుంది, పదును దాని అంచుల్నే ఎత్తి చూపిస్తుంది. అందుకే శుభ్రం చేయడం ముందు, పెంచడం తర్వాత, పదును చివర. ఉచితంగా దొరికే గింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫొటోని ల్యాబ్ (LAB, వెలుగునీ రంగునీ వేరుచేసే) పద్ధతిలో డీకంపోజ్ చేసి, రంగుండే ఏ, బీ పొరలకు మాత్రం 2 లేదా 3 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ ఇచ్చి మళ్లీ కలిపితే చెంపల మీది రంగు మరకలు పోతాయి, కనురెప్పల గీతలు చెడవు. తర్వాత స్కేల్ ఇమేజ్‌లో క్యూబిక్ ఎంచుకుని ఒక్కసారే పెంచండి. 10 శాతం చొప్పున పెంచుకుంటూ పోవాలన్న పాత చిట్కా వల్ల ఒరిగేదేమీ లేదు, ప్రతి మెట్టులో ఫొటో ఇంకాస్త మెత్తబడుతుంది. చివర పదునుకి అన్‌షార్ప్ మాస్క్: రేడియస్ 1 నుంచి 1.5, అమౌంట్ 0.6 నుంచి 0.8. తల చుట్టూ తెల్లటి గీత కనిపించిందంటే రేడియస్ ఎక్కువైనట్టే. ఆపైన సన్నటి రవ్వ (నాయిస్) కొద్దిగా చల్లితే మైనపు నునుపు విరుగుతుంది.

ఇప్పుడు ఏఐ సంగతి. అప్‌స్కేల్ (Upscayl) వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు నిమిషంలో నాలుగింతలు చేసి ఇస్తాయి. చీర మడతలు, చెట్లు, గోడలు బాగానే వస్తాయి. ముఖం దగ్గరే చిక్కు. లేని వివరాన్ని అవి వెతికి తీసుకురావు, తాము నేర్చుకున్న ముఖాల నుంచి ఊహించి గీస్తాయి. 2020లో పల్స్ అనే ప్రోగ్రామ్‌కి బరాక్ ఒబామా మసక ఫొటో ఇస్తే తెల్లవాడి ముఖం వచ్చింది. మన దగ్గర స్ఫోటకపు మచ్చలు మాయమవుతాయి, ముక్కుపుడక పుట్టుమచ్చ అవుతుంది, పన్ను మీద పన్ను సర్దుకుంటుంది. ఫొటో తళతళలాడుతుంది, కానీ మనవడు చూసి ‘ఇది తాతయ్య కాదు’ అంటాడు. ముఖాన్ని సరిచేసే ఫేస్ రిస్టోర్ మీట ఉంటే ఆపేయడం మేలు. ముఖాల్ని బాగుచేసే కోడ్‌ఫార్మర్ అనే ఏఐ ప్రోగ్రామ్ వాడితే దాని అంకెను 0.7కి పైన ఉంచాలి, 1 వైపు వెళ్లేకొద్దీ అసలు ముఖానికి దగ్గరగా ఉంటుంది. మామూలుగా పెంచిన ఫొటో కింద, ఏఐది పైన 30 శాతం మాత్రమే కనిపించేలా పలచన చేసి పెట్టి, కళ్ల మీదా పెదాల మీదా పై పొరను చెరిపేయడం మంచి రాజీ.

ఫొటోలో అక్షరాలుంటే ఏఐ జోలికే పోవద్దు. వత్తులు, గుడులు వంకరపోయి ఏ భాషో తెలియకుండా తయారవుతాయి. ఆ మాటలు మళ్లీ టైపు చేయించడం అరగంట పని. లోగో అయితే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్‌తో వెక్టర్‌గా, అంటే పిక్సెళ్లు కాక గీతలతో కట్టిన బొమ్మగా మార్చుకుంటే ఎంత పెంచినా అంచు చెదరదు.

మీ ప్రకటనల విభాగానికి ఒక విన్నపం. ఫొటో తీసుకునేటప్పుడే వెడల్పు ఎన్ని పిక్సెళ్లో చూసి, ముఖం 150 కంటే తక్కువుంటే ఆ పూటే ఇంటివాళ్లకి చెప్పండి. ఈమెయిల్‌లో గానీ డాక్యుమెంట్‌గా గానీ పంపమనండి. దశదిన కర్మకి ఇంకా వారం ఉండగా చెబితే పాత ఆల్బమ్ వెతకడానికి వాళ్లకీ వ్యవధి ఉంటుంది. ముందురోజు రాత్రి చెబితే ఎవరూ ఏమీ చేయలేరు.

— ఫొటో ల్యాబ్ పనివాళ్లు, తెనాలి